లోతు అధికారి

మా వంశంలో సముద్రం పడనివాణ్ణి నేనొక్కణ్ణే. తాతలు, తండ్రి, పినతండ్రులు అందరూ అలల మీదే పెరిగి అలల మీదే ముసలివాళ్ళయ్యారు. నేను మాత్రం పడవెక్కి ఒడ్డు కనుమరుగయ్యేలోపే పొద్దున తిన్న చద్దన్నం మొత్తం సముద్రానికి అప్పజెప్పేసేవాణ్ణి. వీడు వేటకు పనికిరాడని మా నాన్న తేల్చేసి బడికి పంపించాడు. చదువుకూ పనికిరానని తేలేసరికి ఆలస్యమైపోయి డిగ్రీ చేతికొచ్చేసింది. ఆ విధంగా నేను గాలపు వేట ప్రమాణాల మండలిలో సాంకేతిక అధికారినయ్యాను. ఆఫీసు మొత్తానికి సముద్రపు ఒడ్డున పుట్టినవాణ్ణి నేనే కాబట్టి నీళ్ళ గురించి ఎవరికే అనుమానమొచ్చినా నన్నే అడిగేవారు. తెలియదని చెప్పే అలవాటు నాకు మొదటినుంచీ లేదు.

గాలపు వేటంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పడవ నడుస్తుండగా వెనకనుంచి పొడుగాటి తంగూసు దారం వదులుతారు. దాని కొసన రంగులు పూసిన బొమ్మచేప, ఆ బొమ్మచేప పొట్టకింద గాలం. పడవ లాగుతుంటే బొమ్మచేప నీళ్ళలో అచ్చం బతికున్నదానిలా ఈదుతుంది. వంజరం, మా వైపు కోనెం అంటాం, దాన్ని చూసి నిజం చేపనుకుని నోట కరుస్తుంది. ఈ వ్యవహారంలో మోసపోయేది చేపలు మాత్రమేనని అప్పట్లో నేననుకునేవాణ్ణి.

మా కమిషనర్ చక్రధర్ గారు ఆ ఏడు ఏదో పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్ళొచ్చారు. సదస్సు సమానత్వం మీద. వచ్చిన మర్నాడే అందర్నీ సమావేశపరిచారు.

"మంగినపాలెం రేవులో ఒక పడవకు కోనేలు బాగా పడుతున్నాయి, పక్క పడవకు పడడం లేదు. విచారించగా తేలినదేమిటంటే ఒకరి గాలం లోతుగా వెళ్తోంది, ఒకరిది పైపైన తిరుగుతోంది. ఒకే రేవు, ఒకే సముద్రం, వేర్వేరు లోతులు! ఈ వివక్షను మండలి ఎంతకాలం ఉపేక్షించాలి?"

సూపరింటెండెంట్ విశ్వపతి గారు ఉపేక్షించరాదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఉత్తర్వులు రాస్తున్న మనిషి. ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా "దాహార్తి నివారణ నిమిత్తం" అని మొదలుపెడతారని ఆఫీసులో చెప్పుకునేవారు.

"అసలు గాలం లోతు దేన్నిబట్టి ఉంటుంది?" అన్నారు కమిషనర్ గారు.

అందరూ నావైపు చూశారు. ఆ చూపులో ఏదో మత్తుంది. నా ఎదురుగా విశ్వపతి గారి బల్ల మీద కాగితాల కట్టలు దొంతరగా ఉన్నాయి. బరువైన కట్టలన్నీ అడుగున, తేలికవి పైన. అది చూడగానే నాకు జ్ఞానోదయమైంది.

"తంగూసు బరువునుబట్టి సార్. బరువైనది అడుగుకు పోతుంది. తేలికైనది పైన తేలుతుంది. ఏ ఆఫీసులో చూసినా అంతే కదండీ."

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. చేపలు లోతున ఉండును గనుకా, లోతు అందరికీ సమానంగా అందవలసి ఉన్నది గనుకా, ఇకమీదట మత్స్యకారులందరూ బరువైన తంగూసునే వాడవలెను. బరువైన తంగూసు అనగా లోతు అధికారి తూచి ఆమోదించినది. ఉల్లంఘించినవారి వేట అనుమతి రద్దు.

లోతు అధికారి ఎవరంటే నేనే. మర్నాటికల్లా నా గది తలుపు మీద కొత్త బోర్డు పెట్టారు. ఆ రోజంతా నేను తలుపు మూయలేదు, తెరవలేదు. బోర్డు దారిన పోయేవాళ్ళకు బాగా కనిపించే కోణంలో నిలబెట్టి ఉంచాను.

ఇంటికెళ్ళి నూకరత్నానికి చెప్పాను. నా భార్య మంగినపాలెం పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"లోతు అదికారంటే ఏటి సెయ్యాలి?" అంది.

"సముద్రంలో ఎవరి గాలం ఎంత లోతుకెళ్ళాలో నేను చెప్తాను."

"మీరు నీటిలోకెల్లాలా?"

"అక్కర్లేదు."

"అయితే మంచిదే," అని కూర తిప్పడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాటలో వెక్కిరింత ఉందేమోనన్న అనుమానం వచ్చింది గానీ పదవి కొత్తది కావడంవల్ల పట్టించుకోలేదు.

ఉత్తర్వును ముందు ఒక నమూనా పడవ మీద అమలుచెయ్యాలన్నారు. ఏ పడవో ఎంచమని నన్నే అడిగారు. నేను మా బావ పడవను ఎంచాను. సూరాడ పోలారావు నూకరత్నానికి అన్న. రేవులో పేరున్న గాలపు వేటగాడు. నా పెళ్ళయినప్పటినుంచీ కోనేల కాలంలో ప్రతి ఆదివారం ఒక కోనెం మా ఇంటికి పంపేవాడు. ఆ రుణం ప్రభుత్వ గౌరవంతో తీర్చుకుందామని నా ఉద్దేశం. కోనెం మా రేవుకు వచ్చేది ఏటా కొద్ది వారాలే. ఆ వారాల వేటతోనే బావ ఇల్లు ఏడాది పొడుగునా నడవాలి. సరిగ్గా ఆ వారాలు మొదలవుతున్నప్పుడే నేనాయన పడవ మెడలో దండ వేశాను.

బావ ఏమైనా ఎదురు చెప్తాడేమోననుకున్నాను. చెప్పలేదు. నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

"మా నాన్న సన్న తంగూసు కట్టీవోడు, నానూ అదే కడతన్నాను. ఎందుకంటే నాకేటి తెలుసు? ఇప్పుడు తెలిసింది. బరువైతే మునుగుతాది. ఇంత చిన్న ఇసయం మా వోళ్ళకి తట్టనేదు సూడు!" అని రేవంతా తిరిగి చెప్పాడు. "మా బావ కనిపెట్టాడు. సదువుకున్నోడు గదా!"

నా జీవితంలో నన్ను అంత బలంగా నమ్మినవాళ్ళు లేరు. అదే నా కొంప ముంచింది.

మొదటి రోజు వేటకు నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే బోర్డుకు అవమానం. లావాటి కొత్త తంగూసు చుట్టను నేనే తూచి ఆమోదించాను. పడవ కదిలింది. అలల్లో పడగానే నా పొట్ట తన పాత అలవాటు తను మొదలుపెట్టింది. పడవ అంచు పట్టుకుని వంగి, నా పని నేను చేసుకుంటూ, మధ్యమధ్యలో తల ఎత్తి వెనక్కి చూస్తున్నాను. అలా చూడడంవల్లే నాకు నిజం కనిపించింది.

బొమ్మచేప పైకి వస్తోంది. వదిలినప్పుడు మునిగినట్టే మునిగి, పడవ వేగం అందుకోగానే తంగూసు నీటిలో ఒరిగి, సాగి, బొమ్మచేపను పైకి లాక్కొచ్చేస్తోంది. పక్కన పోతున్న పడవ సన్న తంగూసు మాత్రం నీటిని కోసుకుంటూ ఏటవాలుగా కిందికి దిగి ఉంది. వాంతి మధ్యలో ఆలోచన రాదంటారు గానీ నాకు వచ్చింది. గాలివానలో గొడుగు తెరిచి నడిస్తే గాలి మనిషిని వెనక్కి తోస్తుంది. మూసి పట్టుకుంటే తొయ్యదు. పడవ లాగుతున్నప్పుడు నీళ్ళూ అంతే. తంగూసు ఎంత లావైతే నీళ్ళకు అంత పట్టు దొరుకుతుంది, అంత వెనక్కి, అంత పైకి నెడతాయి. బరువు పెంచాలని మేం లావు పెంచాం. లోతు కాస్తా పోయింది.

"బావా, పైకొచ్చేత్తందేటి?" అన్నాడు పోలారావు. ఆయన గొంతులో అనుమానం నా మీద కాదు, సముద్రం మీద.

ఒక్క మాట చెబితే సరిపోయేది. తప్పు చెప్పాను బావా అంటే అయిపోయేది. కానీ తలుపు మీద బోర్డు గుర్తొచ్చింది.

"బరువు చాలలేదేమో," అన్నాను.

మళ్ళీ పడవ అంచు పట్టుకుని వంగాను. ఈసారి వచ్చింది సముద్రం వల్ల కాదనే నా నమ్మకం.

ఆ రోజు ఒక్క కోనెం పడలేదు. ఆఫీసుకెళ్ళి ధైర్యం కూడగట్టుకుని విశ్వపతి గారితో సగం నిజం చెప్పాను. "గాలం లోతుకు పోవడం లేదండీ. పైకి వస్తోంది."

"పైకి వస్తోంది అనగా?"

"బరువైన తంగూసు వాడితే పైకి వస్తోంది."

"అనగా అది తగినంత బరువైనది కాదన్నమాట," అని ఆయన కలం తీశారు. "బరువైనదైతే లోతుకు పోవలెనని ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నది. పోలేదు గనుక అది బరువైనది కాదు. మీ పరిశీలన అమూల్యం."

మర్నాడు ఇంకా లావు తంగూసు వచ్చింది. బొమ్మచేప ఇంకా పైకి వచ్చింది. తర్వాత జనుపనార తాడు వచ్చింది. ఆ తర్వాత ఓడలను రేవుకు కట్టేసే నీలం నైలాను మోకు వచ్చింది. దానికి బొమ్మచేపను కడుతుంటే ఏనుగు తోకకు గజ్జె కట్టినట్టుంది. ప్రతిసారీ నేను ఆఫీసుకెళ్ళి పైకి వస్తోందని చెప్పడం, ప్రతిసారీ నన్ను మెచ్చుకుని ఇంకా లావుది పంపడం. నా నిజాయితీ వల్ల తాడు లావెక్కుతోంది తప్ప వేరే ఫలితమేం కనబడలేదు.

పోలారావు అరచేతులు మోకు లాగి లాగి బొబ్బలెక్కాయి. ఇంట్లో ఆదివారాలు వంకాయ కూర మొదలైంది. నూకరత్నం కూర వడ్డిస్తూ ఏమీ అనేది కాదు. ఒకరోజు మాత్రం గిన్నె కింద పెట్టి నిలబడింది.

"మా అన్న కోనెం సీజనంతా ఖాళీ పడవ తెత్తన్నాడు. వదిన నిన్న నా కాడ బియ్యం పట్టికెల్లింది. మీకు తెల్దేమోనని సెప్తన్నాను."

నాకు తెలుసు. అంతకంటే ఎక్కువే తెలుసు. సిగ్గనిపించింది. అయినా మర్నాడు ఆఫీసుకు ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళాను.

ఆ వారంలోనే పోలారావు పడవకు కోనేలు పడ్డాయి. ఒకటీ రెండూ కాదు, పడవ నిండా. రేవంతా వచ్చి చూసింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. బావ నన్ను పడవ చాటుకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"బావా, నీకు సెప్పకపోతే పాపం. మోకు ఎనకాల ఊరికే ఏలాడదీసినాను. పక్కనించి మా నాన్న కట్టిన సన్న తంగూసే ఏసినాను. ఇంట్లో పొయ్యి ఎలగాలి గదా. నీ మాట తప్పని కాదు బావా. నీ మాట మీద నాకు నమ్మకమే. ఏటో, మా కోనేలకి ఇంకా తెలిసినట్టు నేదు."

అంత బాధలోనూ ఆయన నా పరువు కాపాడుతున్నాడు. నేను తల వంచుకుని, "మంచి పని చేశావు బావా. ఎవరికీ చెప్పకు," అన్నాను.

చెప్పవలసిన అవసరం లేకపోయింది. పడవ వెనక మోకు వేలాడుతోంది, పడవ నిండా చేపలున్నాయి. ఇంతకంటే రుజువేం కావాలి? సాయంత్రానికి కమిషనర్ గారి దగ్గర్నించి అభినందన వచ్చింది. కోస్తా అంతటా ప్రతి పడవకూ మోకు తప్పనిసరి చేస్తామన్నారు. దానికి ముందు తాను స్వయంగా నమూనా పడవెక్కి బరువు తాడు మహిమను కళ్ళారా చూస్తానన్నారు. పడవలో మోకు తప్ప మరే తంగూసూ ఉండరాదు. ఉంటే పోలారావు వేట అనుమతి అక్కడికక్కడే రద్దు.

ఆ రోజు పడవలో మేం నలుగురం. ముందు కమిషనర్ గారు నల్ల కళ్ళద్దాలతో, పక్కన విశ్వపతి గారు గొడుగుతో, ఇంజను దగ్గర పోలారావు, పడవ అంచున యథాప్రకారం నేను. సన్న తంగూసు చుట్ట పోలారావు లుంగీ మడతలో ఉందని నాకు తెలుసు. ఆయన చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది.

మోకు వదిలారు. పడవ వేగమందుకుంది. బొమ్మచేప నీటిలోంచి లేచి, అలల నెత్తి మీద టపటపా గెంతుకుంటూ రావడం మొదలుపెట్టింది. ఒక సముద్రపు కాకి దిగి దాన్ని ముక్కుతో పొడిచి, నచ్చక, మా వంక అదోలా చూసి ఎగిరిపోయింది.

కమిషనర్ గారు కళ్ళద్దాలు తీశారు. "లోతు ఎంత?"

"లోతు లేదు సార్. పైనే ఉంది," అన్నాను.

"దేనికి పైన?"

"నీటికి."

ఆయన బొమ్మచేపనూ నీటినీ మార్చి మార్చి చూశారు. విశ్వపతి గారు సాయం వచ్చారు. "తాడు నిబంధనల ప్రకారమే ఉన్నది సార్. కావున గాలం ఉండవలసిన చోటనే ఉన్నది. నీరే కిందికి దిగి ఉన్నది. సముద్రమట్టం తగ్గినట్టు గోచరిస్తోంది."

"అలాగే ఉంది," అన్నారు కమిషనర్ గారు తీవ్రంగా సముద్రం వైపు చూస్తూ. "సంబంధిత శాఖకు రాయండి. ఇంతలో ఇంకా బరువైన తాడు తెప్పించండి. కోస్తా అంతటికీ."

కోస్తా అంతటికీ. ఆ మాట వినగానే నాకు మా రేవులోని ప్రతి ఇంటా ఆదివారం వంకాయ కూర కనిపించింది. ఎలా వచ్చిందో తెలియదు, కడుపులోంచి ఎప్పుడూ వచ్చే దానికి బదులు మాట వచ్చింది.

"తప్పు నాది సార్! తాడు లావయ్యేకొద్దీ గాలం పైకే వస్తుంది. నీళ్ళు దాన్ని పైకి నెడతాయి. సన్నదైతేనే లోతుకు పోతుంది. ఆ రోజు నేను తెలియక చెప్పాను. ఈ తాళ్ళన్నీ తీసేయించండి."

కమిషనర్ గారు నా వైపు నెమ్మదిగా తిరిగారు.

"అయితే ఈ పడవకు చేపలెలా పడ్డాయి?"

ఇది నేననుకోలేదు. పోలారావు చెయ్యి లుంగీ మడత మీద బిగిసింది. నిజం చెబితే ఆయన అనుమతి పోతుంది. అబద్ధం చెబితే నా మాట పోతుంది, రేవంతా మోకుల పాలవుతుంది. బావ నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. సరే, చెప్పెయ్ అన్నట్టుంది. అదే నేను తట్టుకోలేకపోయాను.

"సన్న తంగూసుతో పడ్డాయి సార్. అది నేనే వేయించాను. పోలారావు వద్దన్నాడు. లోతు అధికారి హోదాలో నేను బలవంతంగా ఆమోదించి వేయించాను. శిక్షేదో నాకు వెయ్యండి."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. విచిత్రమేమిటంటే ఆ క్షణంలో నా కడుపులో తిప్పడం ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక సముద్రం మీద స్థిమితంగా నిలబడింది అదే మొదటిసారి.

విశ్వపతి గారు గొడుగు మూసి గొంతు సవరించుకున్నారు.

"సార్, తొందరపడవద్దని మనవి. బరువైన తంగూసు అనగా లోతు అధికారి ఆమోదించినది అని ఉత్తర్వులో ఉన్నది. సదరు సన్న తంగూసును లోతు అధికారి ఆమోదించారు. కావున అది బరువైన తంగూసే. బరువైన తంగూసుతోనే చేపలు పడినవి. మండలి విధానం పూర్తిగా విజయవంతమైనది."

కమిషనర్ గారి మొహం వెలిగింది. "మరి ఈ మోకు?"

"దీనిని ఆమోదించినవారే ఇప్పుడు పైకి వస్తుందని ఆక్షేపించినారు. అనగా ఆమోదం ఉపసంహరించినారు. ఇది తేలికైన తాడు సార్."

పోలారావు నోరు తెరిచి వింటున్నాడు. ఓడలను కట్టేసే మోకు ఆయన కళ్ళముందే తేలికైపోయింది. లుంగీలో ఉన్న సన్న తంగూసు బరువెక్కిపోయింది.

మరుసటి వారం కోస్తా అంతటికీ ఉత్తర్వు వెళ్ళింది. అందరూ లోతు అధికారి ఆమోదించిన బరువైన తంగూసునే, అనగా తాము తాతల నాటినుంచీ వాడుతున్న దాన్నే, ఇకమీదట మండలి చొరవతో వాడవలెను. సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఆ రోజు పడవలో నేను ఒక నిజం చెప్పాను, ఒక అబద్ధం చెప్పాను. అబద్ధానికి శాలువా వచ్చింది. నిజం గురించి విశ్వపతి గారు, "సముద్ర ప్రభావంవల్ల కలిగిన తాత్కాలిక అస్వస్థత" అని రాసి కొట్టేశారు.

సీజను చివరి ఆదివారం పోలారావు కోనెం పట్టుకుని స్వయంగా మా ఇంటికొచ్చాడు. దాన్ని నూకరత్నానికిచ్చి, పులుసు ఉడికేదాకా నాతో అరుగు మీద కూర్చున్నాడు. బొబ్బలు మానిన అరచేతుల వంక చూసుకుంటున్నాడు.

"బావా, నాకోసం ఉజ్జోగం వొగ్గేసుకోబోనావు," అన్నాడు.

"పోలేదుగా."

"పోతాదనుకునే గదా సెప్పినావు." మళ్ళీ తనే అన్నాడు. "అయినా బరువైతే మునుగుతాదనే నాను ఇంకా నమ్మతన్నాను బావా. నువ్వు సెప్పినావు గదా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎదురుగా పెరట్లో నూకరత్నం బట్టలు ఆరేస్తోంది. మండలి పారేసిన నీలం మోకును రెండు గుంజలకు కట్టి దండెం చేసుకుంది. తడి చీరలు, దుప్పట్లు, మీద నా శాలువా. ఆ బరువుకు అంత లావు మోకూ నడిమికి ఒంగి, దుప్పటి కొస నేలకు తగులుతోంది.

"చూశావా!" అని లేచి నిలబడ్డాను. "బరువైతే కిందికి దిగుతుందనే కదా నేనన్నది! దిగిందా లేదా?"

నూకరత్నం నా వైపు ఒకసారి, దండెం వైపు ఒకసారి చూసింది.

"దిగింది. లోతు అదికారి గారు ఇలాగొచ్చి ఆ దుప్పటి పైకెత్తితే మట్టంటదు," అంది. "మా అన్నకీ మీకూ పులుసు వడ్డించేసినాను. నడిమి ముక్క మీ కంచంలోనే ఏసినాను. సల్లారిపోతంది, రండి."